సీసా కంటే ముందు చెయ్యి
(ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావుగారి పేరు మీద మాట్లాడమంటే సాధారణంగా ఆరియోమైసిన్‌తోనో, ఫోలిక్ ఆమ్లంతోనో మొదలుపెడతారు. నేను 1929తో మొదలుపెడతాను. భీమవరంలో పుట్టిన ఆయన, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఏటీపీని గుర్తించింది ఆ ఏడే. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు దాన్ని పట్టుకున్నాడు. గుండె కొట్టుకోవాలన్నా, మూత్రపిండం వడపోయాలన్నా, మెదడు ఒక మాట గుర్తుపెట్టుకోవాలన్నా ఏటీపీ ఖర్చు కావాలి. ఆక్సిజన్ అందుతున్నంతసేపు ఒక గ్లూకోజు అణువు నుంచి ముప్పై దాకా ఏటీపీ అణువులు తయారవుతాయి. అందకపోతే వచ్చేవి రెండే. పైగా లాక్టేటు పేరుకుంటుంది.

ఆ రెండింటితో శరీరం నెట్టుకొస్తున్న స్థితికే షాక్ అని పేరు. రక్తప్రసరణ చెడి కణాలకు చాలినంత ఆక్సిజన్ అందకపోవడం, అంతే. ఈ నిర్వచనంలో బీపీ అన్న మాట లేదు, గమనించండి. మన వార్డుల్లో మాత్రం మొదటి ప్రశ్న అదే: "బీపీ ఎంతుంది?" నూట పది అని జవాబు వస్తే అందరూ కుదుటపడతారు. పక్కన నిలబడ్డ ముసలమ్మ మాత్రం "కాళ్ళు సల్లబడ్డయి సారూ" అంటూనే ఉంటుంది. నా అనుభవంలో ఎక్కువసార్లు ఆ ముసలమ్మదే నిజం.

ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో ఒకటిన్నర లీటరు పోయేదాకా పై బీపీ పెద్దగా పడకపోవచ్చు. ఈలోగా శరీరం చర్మానికి, పేగులకు, మూత్రపిండాలకు రక్తం తగ్గించి గుండెకూ మెదడుకూ పంపుతుంది. అందుకే షాక్ ముందుగా చర్మం మీద కనిపిస్తుంది. చేతులు, పాదాలు చల్లబడతాయి, జిగట చెమట పడుతుంది, మోకాళ్ళ మీద నీలి మచ్చలు అల్లుకుంటాయి. మూత్రం తగ్గుతుంది. మనిషి చికాకు పడతాడు, లేచి వెళ్ళిపోతానంటాడు. ఆ చికాకును "తాగి ఉన్నాడు" అని కొట్టిపారేయడం మన అత్యవసర విభాగాల్లో పాత జబ్బు.

వేలి కొసను పది సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. పాలిపోయిన చోటికి మూడు సెకన్లలోపు రంగు రావాలి. చూడటానికి చిన్న పరీక్ష. 2019లో వెలువడిన ఆండ్రోమెడా షాక్ పరిశోధనలో 424 మంది సెప్టిక్ షాక్ రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రక్తంలో లాక్టేటు చూస్తూ, రెండో జట్టుకు ఈ వేలి పరీక్ష చూస్తూ వైద్యం నడిపారు. వేలిని నమ్ముకున్న జట్టులో నాలుగు వారాల్లో నూటికి 34.9 మంది చనిపోతే, లాక్టేటును నమ్ముకున్న జట్టులో 43.4 మంది పోయారు. లెక్కల శాస్త్రం ఈ తేడాను ఖాయం చేయలేదు. కానీ వేలి పరీక్ష లాక్టేటుకు తీసిపోయిందని మాత్రం ఇక ఎవరూ అనలేరు. అచ్చంపేటలోనో అయిజలోనో రాత్రి రెండింటికి లాక్టేటు యంత్రం లేదని చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు.

ఇక్కడ ఒక పాత గొడవ చెప్పాలి. 1889లో హైదరాబాదులో రెండో క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. డబ్బు పెట్టింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. మన ఉమ్మడి జిల్లాకు మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది ఆయన వల్లే. నడిపించింది హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ. కుక్కలకు క్లోరోఫాం ఇచ్చి, రక్తపోటు కొలిచి, ముందు ఆగేది ఊపిరేననీ, మత్తిచ్చేవాడు శ్వాసను చూస్తే చాలు, నాడితో పనిలేదనీ తేల్చారు. లాన్సెట్ దాన్ని ప్రపంచానికంతటికీ చాటింది. 1911లో గుడ్‌మన్ లెవీ క్లోరోఫాం గుండెనే హఠాత్తుగా ఆపగలదని చూపించాక ఆ తీర్పు చెల్లకుండా పోయింది. నాడిని వదిలేయమన్న సిద్ధాంతం మన రాజధానిలో, మన నిజాం సొమ్ముతో పుట్టింది కాబట్టి, నాడి పట్టుకోవడంలో మనకు మిగతావాళ్ళ కంటే కాస్త ఎక్కువ బాధ్యత ఉందని నేను సరదాగా అంటుంటాను.

సరే, షాక్ ఉందని తెలిసింది. తర్వాత? ఎక్కువ చోట్ల సెలైన్ సీసా వేలాడుతుంది. "నీరసంగున్నది, ఒక బాటిల్ పెట్టుండ్రి" అని అడిగి ఎక్కించుకునే ప్రాంతం మనది. కాబట్టి వైద్యుడి చెయ్యి కూడా దానంతటదే సీసా వైపు పోతుంది. ఆ చేతిని ఒక్క నిమిషం ఆపి, ఇది ఏ రకం షాక్ అని అడగమనడమే ఈ ఉపన్యాసం.

1970ల తొలినాళ్ళలో వైల్, షూబిన్ అనే ఇద్దరు వైద్యులు ప్రతిపాదించిన నాలుగు రకాల వర్గీకరణే నేటికీ వాడుకలో ఉంది. మనకు బాగా తెలిసిన కల్వకుర్తి ఎత్తిపోతలను తలచుకోండి. జలాశయంలోనే నీళ్ళు లేకపోతే పొలం ఎండుతుంది. అది రక్తమో నీరో తరిగిన షాక్. మోటార్లు ఆగిపోతే రెండో రకం, గుండె షాక్. 2020 అక్టోబరులో ఎల్లూరు పంపుహౌసు మునిగినప్పుడు కృష్ణలో నీటికి కొదవేమీ లేదు, ఎత్తిపోసే మోటార్లే నీటి కింద ఉన్నాయి. పైపులో అడ్డు పడితే మూడోది. కాల్వలకు గండ్లు పడి నీరంతా ఎటో పారిపోతే నాలుగోది, నాళాలు వదులై పోయిన షాక్. నాలుగింటిలోనూ పొలం ఎండేది ఒకేలా. ఎల్లూరులో మోటార్లు మునిగిన రోజున ఎవరైనా ఇంకొంచెం నీళ్ళు వదలమంటే ఏమంటాం? గుండె షాక్‌లో సీసా మీద సీసా ఎక్కించేవాడు చేసేది అదే.

మంచం దగ్గర తేడా పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. చెయ్యి చల్లగా ఉందా, వెచ్చగా ఉందా? మెడ సిరలు ఉబ్బాయా, అణిగిపోయాయా? ఊపిరితిత్తుల అడుగున చిరుచిరు శబ్దాలున్నాయా? నాడి వేగమా, నెమ్మదా? చల్లటి చెయ్యి, అణిగిన మెడ సిరలు, శుభ్రమైన ఊపిరి అయితే నీళ్ళు తగ్గాయి. చల్లటి చెయ్యి, ఉబ్బిన సిరలు, తడి ఊపిరి అయితే గుండె. ఉబ్బిన సిరలున్నా ఊపిరి తడిగా లేకపోతే ఎక్కడో అడ్డు ఉంది. వెచ్చటి చెయ్యి, ఎగిరెగిరి కొట్టే నాడి అయితే నాళాలు వదులయ్యాయి. ముదిరిన సెప్సిస్‌లో చెయ్యి చల్లబడుతుంది, ఒకే మనిషిలో రెండు రకాలు కలిసి ఉంటాయి, నిజమే. అయినా ఈ నాలుగు ప్రశ్నలు అడిగిన వైద్యుడు అడగనివాడి కంటే చాలా తక్కువసార్లు దారి తప్పుతాడు.

నెత్తురు పోయే షాక్ మనకు రెండు చోట్ల ఎదురవుతుంది: 44వ నంబరు జాతీయ రహదారి, ప్రసూతి గది. కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తా మీదుగా కర్నూలు దాకా ఆ రోడ్డు మన వనపర్తి, గద్వాల జిల్లాల మీదుగా పోతుంది. ప్రమాదంలో నెత్తురు కారుతున్నవాడికి మొదట కావలసింది ఆ నెత్తురు ఆగడం. గట్టిగా అదిమి కట్టు కట్టండి. కటి ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే పంచెనో చీరనో తొడ ఎముకల పైభాగం మీదుగా చుట్టి బిగించండి. దుప్పటి కప్పండి, చల్లబడ్డ నెత్తురు సరిగా గడ్డకట్టదు. సెలైన్ లీటర్లకు లీటర్లు పోస్తే ఉన్న నెత్తురు పలచనై, కట్టిన గడ్డలు కొట్టుకుపోతాయి. తలకు దెబ్బ లేనప్పుడు మణికట్టు నాడి అందేంత వరకు కొద్ది కొద్దిగా ఎక్కించి, రక్తం దొరికే చోటికి పరుగెత్తడమే సరైన వైద్యం. ట్రానెక్సమిక్ ఆమ్లం ఒక గ్రాము, దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు, పది నిమిషాలు తీసుకుని ఇవ్వాలి. 2010లో ఇరవై వేలకు పైగా క్షతగాత్రుల మీద దీని మేలు రుజువైంది. ప్రతి 108లోనూ ఉండదగిన మందు.

అదే రోడ్డు మీద, కొత్తకోట దగ్గరి పాలెంలో 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్తున్న బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. కాలిన గాయాలూ నీరు తరిగే షాకే, కాకపోతే పోయేది నెత్తురు కాదు, ప్లాస్మా. మొదటి 24 గంటల్లో కిలో బరువుకు, కాలిన ప్రతి శాతానికి 4 మి.లీ. రింగర్ లాక్టేటు అన్నది పాత లెక్క. సగం మొదటి 8 గంటల్లోనే పోవాలి. ఆ 8 గంటలు కాలిన క్షణం నుంచి లెక్క, ఆసుపత్రికి చేరిన క్షణం నుంచి కాదు. మన దూరాలకు ఈ తేడా చాలా పెద్దది.

బాలింతల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. గర్భిణిలో రక్తం ఎక్కువగా ఉండటంతో బీపీ చివరి దాకా మోసం చేస్తుంది. మరోవైపు రక్తహీనత ఉన్న తల్లి, మిగతావాళ్ళు తట్టుకునే స్రావాన్ని తట్టుకోలేదు. అందుకని నాడి సంఖ్యను పై బీపీతో భాగించండి. 0.9 దాటిందంటే గంట మోగినట్టే. నాడి 110, బీపీ 100 అని రాసి "స్థిరంగా ఉంది" అని సంతకం పెట్టిన కేసు షీట్లు ఎన్నో చూశాను. ఆ తల్లి స్థిరంగా లేదు. ఆక్సిటోసిన్, గర్భాశయం మర్దన, ట్రానెక్సమిక్ ఆమ్లం, కింద పట్టిన నెత్తురు కంటితో అంచనా వేయకుండా కొలత గీతలున్న ప్లాస్టిక్ షీటులో కొలవడం, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒక్కసారే మొదలుపెట్టాలి. ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో అలా చేసి చూస్తే ప్రమాదకర పరిణామాలు 60 శాతం తగ్గాయని 2023లో తేలింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, తేలు. పెద్ద నల్ల మండ్రగబ్బను చూసి అందరం హడలిపోతాం. అది కుడితే నొప్పే ఎక్కువ. ప్రాణం తీసేది చిన్నగా ఉండే ఎర్ర తేలు. రాతి గోడల సందుల్లో, కట్టెల కింద, వేరుశనగ కుప్పల్లో ఉంటుంది. దాని విషం నరాల్లోని సోడియం ద్వారాలను తెరిచిపెట్టి ఒంట్లో అడ్రినలిన్ ఉప్పెన తెస్తుంది. పిల్లవాడికి వాంతులు, ఒళ్ళంతా చెమట, మగపిల్లలకు అంగస్తంభన, మంచుగడ్డల్లాంటి చేతులు. కొత్త డాక్టరు చేతులు చూసి షాక్ అంటాడు, సీసా పెడతాడు. బీపీ చూస్తే పైకి ఉంటుంది. కొన్ని గంటల్లో గుండె అలసిపోయి, ఊపిరితిత్తులు నీటితో నిండి, నోట ఎర్రటి నురగ వస్తుంది. ఎక్కించిన ప్రతి సీసా ఆ నురగకు తోడవుతుంది.

దీనికి దారి చూపింది పెద్ద పరిశోధనాలయం కాదు. మహారాష్ట్ర కొంకణంలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేసిన వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్. మామూలు బీపీ మాత్ర ప్రాజోసిన్ ఈ ఉప్పెనకు అడ్డుకట్ట వేస్తుందని 1980లలో లాన్సెట్‌లో రాశారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, కాస్త ఆలస్యంగానే. పిల్లలకు కిలోకు 30 మైక్రోగ్రాములు నోటి ద్వారా, 3 గంటలకు మరోసారి, ఆపైన 6 గంటలకోసారి, కాళ్ళూ చేతులూ వెచ్చబడేదాకా. మోతాదు ఎప్పుడు ఆపాలో చెప్పేది కూడా చెయ్యే, చూడండి. మాత్ర వేశాక పిల్లవాణ్ణి పడుకోబెట్టే ఉంచాలి, తల్లి భుజాన వేసుకుని తిరగకూడదు. అప్పటికే బీపీ పడిపోయి నురగ వస్తుంటే మాత్రం ప్రాజోసిన్ ముందు కాదు, డొబుటమిన్‌తో గుండెకు బలమిచ్చి పెద్దాసుపత్రికి పంపాలి.

పాము కథ ఇంకో రకం. రక్తపింజర కాటు ఒక్క మనిషిలో రెండు మూడు షాక్‌లు తెస్తుంది: లోపలా బయటా నెత్తురు కారడం, సూక్ష్మనాళాలు ప్లాస్మాను వదిలేయడం, కొన్నిసార్లు మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి దెబ్బతిని హార్మోన్లు అడుగంటడం. ఎంత చేసినా బీపీ నిలబడని పింజర రోగికి 100 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్ ఇచ్చి చూడాలన్నది ఈ మూడోదాని కోసం. విశాఖపట్నంలో ఉండి పాములను అధ్యయనం చేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో తన పుస్తకంలో ఈ పామును "కాటుక రేకుల పొడ" అన్న తెలుగు పేరుతోనే చేర్చాడు. ఇవాళ ప్రపంచం దాన్ని ఆయన పేరుతో పిలుస్తోంది.

శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మి.లీ. నెత్తురు తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడండి. గడ్డకట్టకపోతే విరుగుడు మందు మొదలుపెట్టాలి. పరీక్ష మోతాదు వద్దు, పిల్లలకు తగ్గించడం వద్దు. కానీ విరుగుడే తీవ్రమైన అలర్జీ షాక్ తేవచ్చు. కాబట్టి సీసా తెరిచే ముందే సిరంజిలో అడ్రినలిన్ తీసి పెట్టుకోండి. పెద్దవాళ్ళకు అర మి.గ్రా., తొడ బయటి వైపు కండరంలోకి. తేనెటీగ కుట్టినా, పెన్సిలిన్ పడకపోయినా ఇదే. మన దగ్గర ముందు ఏవిల్, తర్వాత డెక్సోనా, ఆఖరున భయపడుతూ అడ్రినలిన్ ఇస్తారు. ఈ వరస తలకిందులు. ఏవిల్ దురద తగ్గిస్తుంది, ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఒక్కటే.

డెంగీ గురించి తిట్టకుండా మాట్లాడటం నాకు చేతకాదు. ఊరంతా ప్లేట్‌లెట్ల సంఖ్య వెంట, బొప్పాయి ఆకుల వెంట పరుగెడుతుంది. డెంగీలో చంపేది ఎక్కువగా ప్లాస్మా కారిపోవడం. అది నాలుగో రోజు నుంచి ఆరో రోజు మధ్య, సరిగ్గా జ్వరం దిగి ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకునే వేళ మొదలవుతుంది. చూడవలసింది పై బీపీకీ కింది బీపీకీ మధ్య ఎడం. 100/85 అంటే పై అంకె బాగానే ఉందని మురిసిపోకండి. ఎడం 20కి తగ్గితే షాక్ లోపలికి వచ్చేసింది. గంటకు కిలోకు 5 నుంచి 10 మి.లీ. చొప్పున సెలైన్ మొదలుపెట్టి, గంటగంటకూ చూసుకుంటూ తగ్గించాలి. ఒకటి రెండు రోజుల్లో కారిన ప్లాస్మా మళ్ళీ నాళాల్లోకి వస్తుంది. అప్పటికీ సీసా నడుస్తూ ఉంటే డెంగీ తప్పించుకున్న మనిషి నీటితో మునుగుతాడు.

సెప్సిస్‌లో కూడా ఇదే ఇబ్బంది. కొలతగా సెలైన్, గంటలోపు యాంటీబయాటిక్, అప్పటికీ సగటు బీపీ 65కు రాకపోతే నార్ అడ్రినలిన్. ముంజేతిలో మంచి సిర ఉంటే దాంతోనే మొదలుపెట్టవచ్చు, మెడలో గొట్టం వేసేవాళ్ళ కోసం ఎదురుచూడక్కర్లేదు. మొదటి గంటల్లో సెలైన్ దండిగా పోయాలన్నది పెద్ద దేశాల ఐసీయూల నుంచి వచ్చిన సూత్రం. 2011లో ఆఫ్రికాలో 3,141 మంది జ్వరపు పిల్లల మీద పరీక్షిస్తే, వేగంగా సెలైన్ ఎక్కించిన వాళ్ళలో 48 గంటల్లో నూటికి 10.5 మంది, ఎక్కించని వాళ్ళలో 7.3 మంది చనిపోయారు. 2017లో జాంబియాలో పెద్దవాళ్ళ మీద చేసిన అధ్యయనంలోనూ దండిగా పోసిన జట్టులో 48.1 శాతం, మామూలు వైద్యం పొందిన జట్టులో 33 శాతం. వెంటిలేటర్ పక్కనే ఉన్నచోట పనిచేసే సూత్రం, అది లేనిచోట చంపగలదు. వనపర్తి వార్డు బోస్టన్ కంటే లుసాకాకే దగ్గరని నా అభిప్రాయం. ఇందులో నామోషీ ఏమీ లేదు.

జ్వరం, షాక్, చంకలోనో గజ్జలోనో నల్లటి పక్కు కనిపిస్తే స్క్రబ్ టైఫస్‌ను తలచుకోండి. పొదల్లో తిరిగేవాళ్ళకు, నల్లమల అంచున పశువులు కాసేవాళ్ళకు రావచ్చు. దీనికి డాక్సీసైక్లిన్ కావాలి. తీవ్రమైతే అజిత్రోమైసిన్ కూడా కలిపి సిర ద్వారా ఇవ్వాలని మన దేశంలోనే చేసిన పరిశోధన 2023లో తేల్చింది. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబపు మందు. ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. సుబ్బారావుగారు పరిశోధనలకు అధిపతిగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలల్లోనే బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుగొన్నాడు. 1948లో అది బయటికొచ్చింది, ఆ ఏడే ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు.

మిగిలినవి వేగంగా చెప్తాను. తాటిచెట్టు మీద నుంచి పడ్డ గీత కార్మికుడికి బీపీ తక్కువ, నాడి నెమ్మది, కాళ్ళు వెచ్చగా ఉంటే వెన్నుపాము దెబ్బ. మెడ కదపకండి. అయినా ముందు లోపల ఎక్కడా నెత్తురు కారడం లేదని తేల్చుకోండి. పత్తి చేలల్లో పురుగుమందు తాగినవాడు చెమటతో, సూదిమొన కంటిపాపలతో, నెమ్మది నాడితో వస్తాడు. అతనికి అట్రోపిన్, ప్రతి ఐదు నిమిషాలకు మోతాదు రెట్టింపు చేస్తూ, ఛాతీ పొడిబారేదాకా. ట్రాక్టరు కింద పడ్డవాడికి ఒకవైపు ఛాతీ కదలక, మెడ సిరలు ఉబ్బి ఊపిరాడకపోతే ఎక్స్‌రే కోసం పంపకండి, అక్కడే సూదితో గాలి తీయండి. గుండెపోటుతో బీపీ పడినవాడి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టకండి. మోకాళ్ళ నొప్పులకు ఊరి డాక్టరు ఇచ్చిన బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగి ఈ మధ్యే మానేసిన పెద్దావిడ కారణం తెలియని షాక్‌తో వస్తే, ఆ బిళ్ళల్లో స్టెరాయిడ్ ఉందేమో అడగండి.

ఇక పంపించడం. 2005 ఆగస్టు 15న 108 మొదలైంది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ తొలి విడతలో మన ఉమ్మడి జిల్లా ఉంది. పాలమూరుకు 2016లో, వనపర్తికీ నాగర్‌కర్నూల్‌కూ 2022లో, గద్వాలకు 2024లో వైద్య కళాశాలలు వచ్చాయి. చిన్న మార్పు కాదిది. అయినా కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డ మనిషి ఇవాళ్టికీ కష్టం వస్తే తుంగభద్ర దాటి కర్నూలుకే పోతాడు. మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది. 2021 మేలో, కోవిడ్ వేళ, పుల్లూరు టోల్‌గేటు దగ్గర అటునుంచి వచ్చే అంబులెన్సులను ఆపితే హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. దోమలపెంట నుంచి బయలుదేరినవాడికి అడవి, ఘాటు రోడ్డు అదనం.

కాబట్టి బండి కదిలే ముందు రెండు సిరల్లో లావు సూదులు ఉండాలి, ఆక్సిజన్ ఉండాలి, అవతలి ఆసుపత్రికి ఫోను వెళ్ళాలి. "హయ్యర్ సెంటర్‌కు రెఫర్డ్" అని ఒక్క ముక్క రాసిన చీటీ ఎవరికీ పనికిరాదు. ఏ రకం షాక్ అనుకుంటున్నారో రాయండి, తప్పయినా ఫరవాలేదు. ఎన్ని గంటలకు నాడి ఎంత, బీపీ ఎంత, వేలి రంగు రావడానికి ఎన్ని సెకన్లు, మూత్రం ఎంత, సెలైన్ మొత్తం ఎన్ని మి.లీ. పోయింది రాయండి. తేలు కాటైతే ప్రాజోసిన్ ఇచ్చిన వేళ. బాలింతైతే కాన్పు వేళ, ట్రానెక్సమిక్ వేళ. పాము కాటైతే 20 నిమిషాల పరీక్ష ఫలితం, విరుగుడు ఎన్ని సీసాలు, ఎప్పుడు మొదలుపెట్టారు అన్నది చీటీ పైభాగంలో, పెద్ద అక్షరాలతో.